క్వింటా నలభై ఒక్క రూపాయి

ఏప్రిల్ నెల, తేజ రకం, సగటు ధర
క్వింటా నలభై ఒక్క రూపాయి, అంది ఫంక్షన్.
ఎర్రర్ లేదు. హెచ్చరిక లేదు.
తెర మీద ఒక్క ఎర్ర అక్షరమైనా లేదు.
అబద్ధమాడేవాడికి కళ్ళయినా కాస్త తడబడతాయి,
దీనికి అదీ లేదు.

మార్చికి సరిగ్గానే చెప్పింది.
ఇదే ఫంక్షన్, నేను రాసిందే, పదకొండు లైన్లు.
లెక్కలు గుంటూరు మిర్చి యార్డు నుంచి
పెన్‌డ్రైవ్‌లో లాం దాకా వస్తాయి.
మూత తియ్యగానే తుమ్ము.
ఫైలు తెరవకముందే తెలిసిపోతుంది ఎక్కడిదో.

ఏడున్నరైంది. వాచ్‌మన్ సైదులు
తాళాలు ఆడిస్తూ రెండుసార్లు వచ్చిపోయాడు.
నేను లైను లైనుకీ ఒక ప్రింట్ పెట్టాను.
ఇక్కడిదాకా వచ్చాను.
ఇక్కడిదాకా కూడా వచ్చాను.
కరెంటు పోయిన ఇంట్లో అగ్గిపుల్లలు గీసుకుంటూ
వంటింటి దాకా నడిచినట్టు.
అన్నీ వెలిగాయి. ఎక్కడా పడిపోలేదు.
పడిపోయినా బాగుండేది,
పడ్డ చోట వెతుక్కునేదాన్ని.

చివరికి బ్రౌజర్ పెట్టి లోపలికే దిగాను.
ఫంక్షన్ లోపల వేరే ఊరు.
బయట నేను ధర అని పిలిచేదీ
లోపల ధర అని పలికేదీ
ఒకే ఇంటిపేరు, మాటల్లేని రెండు కాపురాలు.
ఎంటర్ కొడితే ఒక్క అడుగు.
ఇంకోటి కొడితే ఇంకో అడుగు.
నాలుగో అడుగులో ధరని నిలేశాను, నువ్వెవరివని.
అంకెనమ్మా అనాలి అది.
ఫ్యాక్టర్ని, అంది.

మాటలు!
పదహారు వేలూ, పదిహేడు వేల రెండొందలూ, అన్నీ ఉత్త పేర్లు.
బడిపిల్లల్లా అక్షరక్రమంలో నిలబడి
హాజరు నంబర్లు చెబుతున్నాయి,
నేను వాటినే రూపాయలనుకుని కూడి భాగించాను.
పాపం తొమ్మిది వేల ఎనిమిదొందలు
మొదటి అక్షరం తొమ్మిదైనందుకు
పదిహేడు వేల వెనక్కి పోయి నిలబడింది.

అంకెలు ఊరికే మాటలైపోవు.
ఒక్క మాటొచ్చి మధ్యలో కూర్చుంటే
మిగతావన్నీ మొహమాటానికి మాటలవుతాయి.
ఎవరా అని వెతికితే
రెండు వేల మూడొందల పద్దెనిమిదో వరస.
ధర గడిలో
"అడగలేదు".

నాగుల్ మీరాకి ఫోన్ చేశాను.
అన్నం తింటున్నాడు, నములుతూనే చెప్పాడు.
"దుర్గి సరుకు మేడం, ముప్పై ఆరు టిక్కీలు.
దారిలో వాన పట్టింది. విప్పేసరికి సగం తాలు.
మూడ్రోజులు కూర్చుందామె, అంకమ్మని,
ఒక్క వేపారీ చెయ్యి పెట్టి చూళ్ళేదు.
ఖాళీ వదిలితే నేను మర్చిపోయాననుకుంటారు.
సున్నా వేస్తే సున్నాకి కొన్నట్టు.
మరేం రాయమంటారు?"

నా దగ్గరొక గుర్తుంది, ఎన్ఏ అని.
తెలియదు అని దానర్థం.
ఇది తెలుసు కదా.
కంచం ముందు కూర్చున్న మనిషికి
టిక్కీల లెక్కతో సహా తెలుసు.

అయినా సరిచేశాను.
ముందు అక్షరంగా, తర్వాత అంకెగా, రెండు మెట్లు.
ఒక్క గెంతులో దిగబోయే కదా ఇందాక పడ్డాను.
లేనివి తీసెయ్ అని రాసి
పక్కన నిజం అని పెట్టాను. ఆ భాషలో అలాగే రాయాలి.
పదహారు వేల ఎనిమిదొందల నలభై.
పై ఆఫీసు నమ్మే ధర.
ఒక గడి తీసేస్తే ఎంత ఆరోగ్యంగా ఉందో!

అంతటితో లేవాల్సింది.
పన్నెండో లైను రాశాను:
అడగనివి ఎన్నో అవి కూడా చెప్పు.
రిపోర్టు కాగితంలో దానికి గడి లేదు, నాకు తెలుసు.
నడిపితే ఈసారి ఎర్ర అక్షరాలొచ్చాయి.
హెచ్చరిక: ఒక వరసకి ఎవరూ ధర అడగలేదు.
నేను రాసిందే. అయినా
ఎవరో చెప్పినట్టు రెండుసార్లు చదివాను.

పెన్‌డ్రైవ్ లాగి మూత పెడుతుంటే
మళ్ళీ తుమ్ము, ఒక్కటే.
గుమ్మంలో సైదులు,
"ఒంటి తుమ్మమ్మా, కాసేపు కూర్చుని బయల్దేరండి."

కూర్చున్నాను.
ఊరికే కూర్చోలేక
మార్చి ఫైలు మళ్ళీ తెరిచాను.