తర్జుమా

పది ఇండ్లల్లో గిన్నెలు తోమి నేర్చుకున్న అరబ్బీ నాది.
రాయను రాదు. తిట్లు, సరుకులు, పిల్లోళ్ళ జ్వరాలు,
అంతవరకు బాగా వస్తాయి.
ఇప్పుడు కువైట్ సబా ఆసుపత్రిలో తుడిచే పని.
పదకొండో మంచం కాడికి డాక్టరు వచ్చినప్పుడంతా
"ఓబులమ్మా, రా" అంటారు.
బకెట్టు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని పోతాను.

పదకొండో మంచం లింబాద్రిది.
భీంగల్ పక్క పల్లె. ఏసీ డక్టులు బిగించేవాడు.
ఆరేండ్లుగా ఖల్లివెల్లి.
అకామా కొత్తది కావాలంటే రక్తం ఇయ్యాల,
రక్తం ఇస్తే అది మాట్లాడతాదని భయం.

కండ్లు తంగేడు పూలు. ఉచ్చ చాయ్ డికాషను.
రాత్రంతా అరికాళ్ళ దురద,
గోళ్ళు చాలక మంచం ఇనపకోడుకేసి రుద్దుతాడు.
పొద్దున నేనొచ్చేసరికి దుప్పటి మీద
సన్న నెత్తురు గీతలు.

డాక్టరు "అస్ఫర్" అన్నాడు. పచ్చగా ఉన్నాడని.
వెనకాల ఫైలు పట్టుకున్న గుమస్తా "తస్ఫీర్" అన్నాడు.
దేశం దాటించేదని.
ఒక తల్లి బిడ్డల మాదిరుంటాయి ఆ రెండు మాటలు.
లింబాద్రికి ఉర్దూ కొంచెం వచ్చు.
"సఫరా? ఏడికక్కా?" అన్నాడు.

నేను ముందు పచ్చదనం సంగతే చెప్పినా.
కాలేయం కింద సన్న గొట్టం ఉంటాదంట,
పిత్తం దిగే దారి.
దాని మూతి వాచి పూడుకుపోయింది.
నీళ్ళల్లో కంటికానని పురుగు,
మంచి ఒంట్లో అయితే నాలుగు దినాలు కడుపు కదిలి పోతాదంట.
నీ ఒంట్లో కాపలా లేదు నాయనా,
ఐదొందల పైన ఉండాల్సిన లెక్క
ఇరవై మూడు.

"డక్టు జామయింది, గంతే గదా.
జాయింటు కాడ కోస్తే నడుస్తది" అని నవ్వినాడు.
అది అరబ్బీలో చెప్తే డాక్టరూ నవ్వినాడు.
నిజమే, గొంతులోంచి దీపం దించి
మూతి కోస్తాం, నొప్పి తగ్గుతాది అన్నాడు.
ఆ పైన ఇంకోటి అన్నాడు,
కాపలా ఎందుకు లేదో.
మూడే ఇంగ్లీషు అక్షరాలు,
తర్జుమా అక్కర్లేనివి.
అయినా నా నోట్లో తిరగలా.

నా మొగం చూసి
"అది నాకెరుకే అక్కా, ఆరేండ్ల సంది.
నువ్ చెప్పకు తియ్" అన్నాడు.

కామెర్లోనికి లోకమంతా పచ్చన అంటారు కదా,
ఒకనాడు అడిగినా.
"లేదక్కా, గోడ తెల్లగనే ఉంది.
మీరే నన్ను పచ్చగ చూస్తున్రు."

పసరు పోయించుకోనా, మణికట్టుకు వాత పెట్టించుకోనా అన్నాడు.
మా మేనమామకు పెట్టించినారు రాజంపేట పక్క.
వాత మానింది. మనిషి మానలా.
వద్దన్నా. ఇది తర్జుమా కాదు, నా సొంత మాట.
దిగినాక నిజామాబాద్ పెద్దాసుపత్రికి పో,
మాత్రలు ఊరికే ఇస్తారు.
ఎవురన్నా చూస్తారని గోడ చాటున నిలబడొద్దు,
వరసలో నిలబడు.

కోసినారు. అన్నం రెండు ముద్దలు దిగింది.
కండ్లు విడవకముందే
శుక్రవారం తెల్లారుజామున వచ్చి తీసకపోయినారు.

ఆ మంచం పైన, సీలింగులో ఒక జాయింటు కారతా ఉంటాది.
"గట్ల బిగిస్తరా ఎవడన్న" అని రోజూ తిట్టేవాడు.
దాని కింద బకెట్టు పెట్టి
పన్నెండో మంచం వైపు తుడుచుకుంటా పోయినా.