రెండంగుళాలు

బైరెడ్డిపల్లె హైస్కూల్లో చార్జి తీసుకున్న రోజు
హెడ్మాస్టరు కుర్చీలో కూర్చుంటే
నా పాదాలు నేలకు ఆనాయి.
ఇందులో చెప్పుకోవడానికి ఏముందని అడగొద్దు.
ఇరవై ఆరేళ్లుగా ఎన్ని కుర్చీల అంచున కూర్చున్నానో
నా మునివేళ్లకు తెలుసు.

వంగి చూస్తే
నాలుగు కాళ్ల చివరా రంపం గాట్లు.

రెండో పీరియడు గంట కొట్టి వచ్చి
చెంగల్రాయుడు చెప్పినాడు:
"మొగిలీశ్వరి మేడం కోయించినాది.
పొట్టి మనిషి. కూసుంటే కాళ్లు గాల్లో ఊగతా ఉండె.
పిల్లకాయలు నవ్వతారని
ఒక నెల ఇటికరాయి పెట్టుకునింది.
రెండో నెల ఆసారిని పిలిపించింది."

ఆ కుర్చీ దాకా రావడానికి ఆమెకు
మూడు ఉత్తర్వులు పట్టినాయట.
మొదటిది వచ్చినప్పుడు చంకలో చంటిది,
పోస్టింగు వరదయ్యపాళెం.
రెండోది వచ్చినప్పుడు మంచంలో అత్త.
రెండుసార్లూ ఒకటే వాక్యం, తెల్లకాగితం మీద:
"కుటుంబ కారణాల వల్ల ఈ పదోన్నతిని వదులుకుంటున్నాను."
కుటుంబంలో ఇంకెవరూ
ఆ కారణాల కింద సంతకం పెట్టలేదు.

సీనియారిటీ జాబితాలో ఆమె కిందున్న పేర్లు
ఒక్కొక్కటే ఆమెను దాటి పోయినాయి.
పాఠ్యప్రణాళిక రాయడం ఆమె దగ్గరే నేర్చుకున్న ఒకాయన
తనిఖీకి వచ్చి, వెనక బెంచీలో కూర్చుని
"బోధన తృప్తికరం" అని రాసి పోయినాడు.

మూడోసారి యాభై నాలుగేండ్లు.
"ఇప్పుడెందుకులే" అన్నాడంట ఇంటాయన.
ఆమె ఏమీ అనలేదు,
పొద్దున అయిదూ నలభై పలమనేరు బస్సుకి
చిల్లర సరిగ్గా లెక్కబెట్టుకునింది.

పాత ఫైల్లో నేనే చూశాను ఆడిట్ అభ్యంతరం:
"ప్రభుత్వ ఆస్తిని కోయించుటకు అనుమతి ఎవరిచ్చిరి?"
కింద ఆమె జవాబు, గుండ్రటి అక్షరాల్లో:
"కూర్చోమని ఉత్తర్వు ఇచ్చినవారే."
దాని వెనక గుండుసూదితో
నూట నలభై రూపాయలు కట్టిన రసీదు.

గోడ మీద బోర్డులో పదిహేడు పేర్లు,
అన్నింటి ముందూ ముందే రాసిపెట్టిన "శ్రీ".
ఆమె దగ్గరికొచ్చేసరికి పెయింటరు
"మతి"ని సన్నగా ఇరికించినాడు.
నా పేరుకీ అంతే చోటుంది.

నిన్న సాయంత్రం లెక్కల టీచరు కుముద
ఒక కాగితం తెచ్చి టేబులు మీద పెట్టింది.
నగరికి హెడ్మిస్ట్రెస్‌గా ఉత్తర్వు వచ్చింది ఆమెకు.
చదవకముందే నాకు తెలుసు ఆ వాక్యం.
నేనూ ఒకసారి రాసిందే,
కామాతో సహా.

"నువ్వు ఫార్వర్డ్ చెయ్యాల మేడం" అనింది, కిటికీ వైపు చూస్తా.
బయట పాల వ్యాను హారన్ కొడుతోంది.
నేను లేచి నిలబడ్డాను.
"ఒకసారి ఇందులో కూర్చో."

కుముద పొడుగరి.
మోకాళ్లు పోయి టేబులుకి కొట్టుకున్నాయి.
రాసుకుంటూ నవ్వింది:
"నాకిది పనికిరాదు మేడం."

కాగితం మీద పేపర్‌వెయిట్ పెట్టి
చెప్పాను:
"నగరిలో కూడా ఆసారులుంటారు.
కోసేవాళ్లే కాదు,
అతుకు వేసేవాళ్లు కూడా."