బ్రేకు గీతలు లేని మలుపు

గ్రాన్యా,
వెనకద్దం మీంచి 'ఎల్' అక్షరం పీకేసి
'ఎన్' అంటించావు,
బుడగలు లేకుండా గోటితో నొక్కి నొక్కి.
పొద్దున పరీక్ష పాసయ్యావు,
సాయంత్రానికి నీ హారన్ ఊరంతటికీ తెలిసిపోయింది.
సంతోషం.
ఒక్క నిమిషం ఇంజన్ ఆపు.

ఇరవై ఆరేళ్లుగా
విరిగిన బండ్లను లాక్కొచ్చేవాణ్ణి.
మేయో కొండదారుల్లో ఏ కందకం ఎంత లోతో
నా ఇనప తాడుకి తెలుసు.
మీ అమ్మ నా లారీ చప్పుడు వింటే
ముందు "ఎవరు?" అంటుంది,
ఆ తర్వాతే టీ పెడుతుంది.

రోడ్డు మీద రాసింది చదవడం నాకొచ్చు.
నల్లగీతలు పొడుగ్గా ఉంటే
వాడు చూశాడు, వేగం వాడి మాట వినలేదు.
గీత వంకర తిరిగితే
వాన, అరిగిన టైరు, అరువు తెచ్చుకున్న ధైర్యం.
గీతలే లేకపోతే
టోపీ తీసి చేత్తో పట్టుకుంటాను.
అక్కడ పిల్లాడు బ్రేకు తొక్కనేలేదు.
తల వంచుకుని ఉన్నాడు
ఒళ్లో వెలుగుతున్న ఫోన్లోకి.
ఏం చదువుతున్నాడో ఒకసారి నా కంటపడింది:
"ఎక్కడున్నావ్?"
ఒకే ఒక్క మాట.
దానికి జవాబు నేను చెప్పాల్సొచ్చింది,
లారీ దీపాల వెలుగులో, వాళ్ల నాన్నకి.

అందుకే ఫోను డిక్కీలో పడెయ్యి.
ఒళ్లో కాదు, పక్క సీట్లో కాదు, డిక్కీలో.

శనివారం రాత్రి కాజిల్‌బార్‌లో డాన్సయ్యాక
వెనక ముగ్గురు ఎక్కుతారు.
కారు బరువు పెరుగుతుంది, తెలివి తగ్గుతుంది.
"ఇంకాస్త తొక్కవే" అంటారెవరో.
అన్నవాళ్ల చేతిలో స్టీరింగ్ ఉండదు,
తెల్లారి పోలీసుల ముందు నోరూ ఉండదు.
అందరూ బెల్టు పెట్టుకున్నాకే తాళం తిప్పు.
గౌను నలుగుతుందంటారా? నలగనీ,
నలిగిన గౌనుకి ఇస్త్రీ ఉంది.
"ఒక్క గ్లాసే తాగాను" అన్నవాడి బండి ఎక్కకు,
ఆ ఒక్క గ్లాసుని
ఎన్ని కార్లలోంచి బయటికి లాగానో నాకే లెక్క లేదు.
ఏ అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్యి.
వస్తాను. తిట్టను.
సరే, కొంచెం తిడతాను.

ఇక ఈ దారి సంగతి.
నడిమధ్య గడ్డి మొలిచిన దారి,
రెండు పక్కలా ఫ్యూషియా పొదలు.
మలుపు అవతల ఏముందో పొద చెప్పదు:
గొర్రె కావచ్చు, దీపాల్లేని గడ్డి ట్రాక్టరు కావచ్చు,
ఆదివారమైతే సైకిలు మీద నువాలా ముసలమ్మ కావచ్చు,
ఆవిడ ఎవరికీ దారివ్వదు, దేవుడికైనా.
కంటికి కనిపించినంత మేరలో
ఆపగలిగినంత వేగమే నీది.
మిగతాదంతా అప్పు.
బోర్డు మీద రాసిన అంకె
అంతకు మించొద్దని,
అంత అందుకోమని కాదు.

నీకివన్నీ తెలుసు. పరీక్షలో రాశావు కూడా.
నాకూ తెలుసు, పంతొమ్మిదేళ్లప్పుడు.
పక్క సీట్లో ఫ్లాన్.
ఏదో జోకు చెబుతున్నాడు, నేను వాడి వైపు తిరిగాను.
చివర్లో ఏముందో ఇప్పటికీ తెలీదు.
నా ఎడమ మోకాలు
వానొచ్చే ముందురోజే నాకు చెబుతుంది.
ఫ్లాన్ ఏమీ చెప్పడు.

మీ అమ్మకి ఇది తెలీదనుకుంటాను.
తెలిసినా అడగలేదు.

పద, స్టార్ట్ చెయ్యి.
సీటు కాస్త ముందుకి జరుపుకో,
మహారాజులా వెనక్కి వాలితే పెడలు అందదు.
అదుగో, ముందు కీరన్ వాళ్ల ట్రాక్టరు.
వెనకే పోదాం, పేడ వాసనకి ఎవరూ చచ్చిపోరు.
ఆలస్యం అయితే అమృతం విషమవుతుందన్నవాళ్లు
ఈ దారిలో బండి నడపలేదు.

ఇటు, ఖాళీ మ్యాటు మీద
నా కుడికాలు మాటిమాటికీ తొక్కుతోంది కదూ,
లేని బ్రేకుని.
నవ్వకు.
అద్దం చూడు.