ఒక అద్దం తక్కువ

ట్యూబులైటు కింద అందరం
ఆస్పత్రి వరండాలో కూర్చున్నట్టే ఉంటామని
వరహాలు మూడేళ్ళుగా అంటోంది.
జూటు మిల్లు పాత బకాయి చేతికొచ్చిన ఆదివారం
ఆ మాట వినపడనట్టు ఉండడానికి
నాకింక కారణం దొరకలేదు.

మూడు లాంతర్లు దాటి
కుడివైపు సందులో, సైకిల్ టైర్ల కొట్టు వెనక,
ఇమాం సాయిబు పాతసామాన్ల షాపు.
తలెత్తితే కప్పు కనబడదు,
అన్నీ వేలాడేవే.
ఎర్రపట్టు చిరిగి వెదురు పక్కటెముకలు బయటపడ్డ చీనా బుడ్డి,
కొంగబొమ్మల కాగితం గోళం,
బుడితి పనివాడెవడో
చుక్కచుక్కగా తూట్లు పొడిచిన ఇత్తడి గుమ్మటం,
గొలుసులు, గొలుసులు,
గొలుసులకి వేలాడే గొలుసులు.

నేను ధర చీటీలు చూస్తున్నాను.
తను మెడ వెనక్కి వాల్చి
సంతలో కోడిని ఎత్తి చూసినట్టు
ఒక్కోదాని అడుగు చూస్తోంది.
"పైనుంచి బాగుంటే మనకేటి?
మనం బతికేది కిందనే కదా."

తర్వాత సాయిబు వైపు తిరిగి,
"బావూ, ఒకపాలి షట్టరు దించీ."

దీపం కొనడానికొచ్చి చీకటి అడిగిన మనిషిని
ఆయనెప్పుడూ చూసినట్టు లేడు.
దించాడు.
పట్టపగలు పదకొండింటికి
తుప్పు వాసనలో, కలరా ఉండల వాసనలో ముగ్గురం.
బయట తాటిముంజెల బండివాడు
మా చీకటి పక్కనుంచే అరుచుకుంటూ పోయాడు.

ఒకటే బల్బు, ఒకటే పొడుగాటి తీగ.
ఒక్కోదాంట్లో దూర్చి వెలిగించాడు.
ఇత్తడి గుమ్మటం గోడలనిండా ఆవాలు చల్లింది.
నాకు నచ్చేసింది.
"ఇంటికి తట్టు పోసినట్టుంది" అంది తను.
కొంగల గోళం పాలలా మెత్తగా వెలిగింది.
"దోమలు దీన్లోనే కాపురం పెడతాయి."
ఎర్రపట్టు బుడ్డి కింద
సాయిబు గడ్డం భగ్గుమంది.
అద్దంలో చూసుకుని ఆయనే ఆర్పేశాడు.

ఆఖర్న, మూల నుంచి,
ఆరు పలకల రంగుల లాంతరు.
టేకు చట్రం. కొసలు పైకి తిరిగిన బుల్లి చూర్లు.
ఒక చూరు మీద తోక లేని డ్రాగను.
అద్దాలు మాత్రం ఐదే,
తేనె రంగు, పాచి రంగు, నీలిమందు రంగు.
ఆరో వైపు ఖాళీ.

"రంగం నుంచి వొచ్చిందమ్మా.
యుద్ధం రోజుల్లో నడిచొచ్చినోల్లు తెచ్చుకున్నారు."
"నడిచొచ్చినోల్లు బియ్యం మోస్తారా, దీపం మోస్తారా?"
"అందుకే ఒక అద్దం దార్లో పోనాది!"

ఇద్దరూ నవ్వారు.
ఆ నవ్వుకే నా పర్సు తెరవాల్సి వస్తుందని
చీకట్లోనే తెలిసిపోయింది.
తను మాత్రం అద్దాలని చూడ్డంలేదు.
ఖాళీలోంచి నేల మీద పడ్డ తెల్లటి వెలుగుముక్కలో
అరచెయ్యి పెట్టి
వేళ్ళ కొసలు చూసుకుంటోంది.

దాలినాయుడు నిచ్చెన ఎక్కాడు.
పైనుంచే అడిగాడు,
"హాలుకి ఒకటే కొక్కెం. ఫేనా, ఇదా?"
రోహిణి కార్తె.
ఎవరం నోరు విప్పలేదు.

లోపలి గదిలోకి నడిచింది తను,
కుట్టుమిషను ఉన్న గదిలోకి.
పెళ్ళిళ్ళ రోజులు, పదకొండు జాకెట్లు బాకీ.
స్టూలు మీద కూర్చుని మోచెయ్యి ఎత్తి,
"ఇక్కడికి. తలకి తగలకూడదు, సూది కనబడాల."
మూరన్నర గొలుసు ఉంచి మిగతాది కోయించింది.
ఖాళీ వైపుని సూది మీదికి తిప్పి
గాలికి తిరగకుండా
కాఫీపొడి రంగు దారంతో కిటికీ ఊచకి కట్టింది.

ఇప్పుడు రాత్రి తొమ్మిది.
నేను ట్యూబులైటు కింద,
ఆస్పత్రి వరండాలోనే.
లోపల మిషను పరుగు.
గుమ్మం దాటి పాచిరంగు పలక ఒకటి
నా కాలి బొటనవేలి దాకా వచ్చి ఆగింది.
వోల్టేజి తగ్గినప్పుడల్లా వెనక్కి పోతోంది,
మళ్ళీ వస్తోంది.

"ఈ గదికి ఆ కొంగలది తెద్దామేటి?" అన్నాను.

మిషను ఆగలేదు.
దాని చప్పుడులోంచే
ఒక్క మాట వచ్చింది,
"దోమలు."