ట్రయల్

మల్లేపల్లి అడ్డరోడ్డు కాడ మా షెడ్డు.
మూన్నెల్లకోసారి మొయినుద్దీన్ సారు బండి వస్తది.
ఒకప్పుడు పెండ్లి జనాన్ని మోసిన టెంపో,
ఇప్పుడు సీట్లు పీకేసి రెండు మంచాలు బిగించిన ఇల్లు.
ఓ సింకు, ఓ పొయ్యి, కిటికీకి పూలపరద.
పాలమూరు సర్వే ఆఫీసుల ముప్పై ఏండ్లు మ్యాపులు గీసి
గీసిన ఊర్లన్ని చూసొస్తనని బయలెల్లిన మనిషి.
ఒక్కడే తిరుగుతడు.
"రేపు పదింటికి వస్త, లింగస్వామీ" అని
తాళాలు నా చేతుల పెట్టి పోతడు.

పెద్దనాయిన ఒంగలేడు.
మర్రిగూడ బాయినీళ్లు తాగి తాగి
ఎన్నుపూస గడ్డపారై పోయింది.
మెడ తిప్పాల్నంటే మనిషంత తిరగాలె.
అందుకే బండి కింద పండేది నేను,
స్టూలుకు ఆనుకొని అడిగేది ఆయన.

"జాయింటు రబ్బరు?"
"పగిలింది. కుడి దిక్కు."
"గ్రీజు?"
"ఎండి పెంకులైంది."
"ఏలుతోని తీసి వాసన చూడు. కాలిందా?"
కాలలే. ఏదో మట్టి వాసన.
మన చెల్కలు గూడ ఎర్రయే,
గని ఈ ఎరుపు మనది కాదు.
"ఏ ఊరిదో" అన్న.
"ఊరి సంగతి నీకెందుకు, తుడువు" అన్నడు.
జరసేపాగి,
"ఎంత ఎర్రగున్నది?"

టైరు గాట్ల రూపాయి బిళ్ల పెట్టమన్నడు.
"సింహాలు మునిగినయా?"
"మెడల దాంక."
"ఇంకో తిరుగుడు ఆగుతది."
చక్రాల నట్లు పానాతోని కొట్టమన్నడు, ఒక్కొక్కటి.
కండ్లు మూసుకొని విన్నడు.
"నాలుగోది సణుగుతున్నది, బిగియ్యి."

నీళ్ల ట్యాంకు మూత తీసి చెయ్యి పెట్టిన.
అడుగంత తెల్లపొర,
గోటితోని గీకితే సున్నపు పెచ్చులెక్క ఊడొచ్చింది.
అరచేతుల ఏసుకొని పోయి చూపించిన.
ఏ ఊరి బోర్లో, ఏ నల్లాలో.
పెద్దనాయిన చాన సేపు దాని దిక్కే చూసిండు.
"పావుకిలో నిమ్మఉప్పు పొయ్యి. తెల్లార్లు నాననియ్యి."
"కరుగుతదా?"
"ట్యాంకుదైతె కరుగుతది."

తెల్లారి ట్యాంకు మూడుసార్లు కడిగి కొత్తనీళ్లు నింపిన.
ఇగ ట్రయల్.
వేరే షెడ్ల ట్రయల్ అంటే చౌరస్తా దాంక.
మాది డిండి కట్ట దాంక.
ఇంజను సక్కగ వేడెక్కాలె గదా, అంటడు.
ముందల సీట్ల పట్టడు,
ఎనక తలుపుల నుంచి పలకలెక్క జరిపి
మంచం మీద పండబెడితిమి నేనూ, పంక్చర్ల యాదగిరీ.
లైసెన్సు వచ్చి ఏడాదే నాకు.
ఎనక నుంచి ఒకటే గొంతు:
"గేరు లేటుగ మార్చినవ్."
"తాటిచెట్టు పోయింది, ఇంకోటి వస్తది, హారను కొట్టు."
పండుకున్నోనికి కనిపించేది అంతే,
చెట్ల తలలు, కరెంటు తీగలు, ఓ కొంగ.

కట్ట మీద ఆపిన.
గ్యాసు పైపుకు సబ్బు నురగ పెట్టిన. బుడగ రాలే.
"పొయ్యి ముట్టియ్యకుంట ఎట్ల తెలుస్తది?" అన్నడు.
చాయ్ పెట్టిన.
అల్మార తెరిస్తే
ఎప్పుడూ ఒక్క గ్లాసుండేది,
ఈసారి మూడున్నయి. స్టీలువి, కొత్తయి,
ధర కాయితం గూడ ఊడలే.
పెద్దనాయినకు చెప్పలే నేను.
ఒకటి చేతికిచ్చిన.
తిప్పి చూసి, "ఇది సారుదేనా?" అన్నడు.

"అద్దం వదులున్నట్టుంది, చూడు" అంటడు, ఎప్పుడంటే అప్పుడే.
రెండు మరలిప్పి పక్కద్దం ఊడదీసి
కిటికీ కాడ వాల్చి పట్టుకున్న.
కొంచెం కిందికి. ఇంకొంచెం. ఆఁ.
అండ్ల నీళ్లు.
అవతల ఒడ్డున ఎవరో బర్లను తోలుతున్నరు.
చేతులు నొయ్యంగనే అద్దం వణికింది,
డిండి మొత్తం వణికింది.
"మంచిగనే ఉన్నది" అన్నడు.
అద్దమో, చాయో.

పదింటికి సారు వచ్చిండు.
రబ్బరు, గ్రీజు, నిమ్మఉప్పు, కూలి. చీటీ రాసిచ్చిన.
బండెక్కి, ముందుగాల కిలోమీటర్ల మీటరు దిక్కు చూసిండు.
దూరాలు కొలిచిన మనిషి,
ఆయనకు తెల్వదా.
"బండి బాగా నడిచిందా?" అని నన్నడిగిండు.
"నడిచింది సార్. అద్దమే జర వదులు.
మళ్లొచ్చినప్పుడు చూస్తం."