పేరూ ఊరూ లేనివి

టార్టులో డిసెంబరు. మూడున్నరకే చీకటి.
మైక్రోస్కోపు గదిలో ఇంకా చీకటి,
అది మేం చేసుకున్నది.

విర్వే స్టూలు మీద కూర్చుని
తొంభై ఆరు గుంటల పలకను జరుపుతుంది.
గుంటకో జన్యువు,
పేరూ ఊరూ లేనిది, వట్టి అంకె.
దాని నోరు నొక్కి
పైన చావుమందు చుక్క వేసి
కణాలు పోయాయా మిగిలాయా అని లెక్క.
"పోయాయి. పోయాయి. పోయాయి."
నేను రాసుకుంటాను.

కణం మనలా చచ్చిపోదు.
అంచులు లోపలికి ముడుచుకుంటుంది,
ఒళ్లంతా పొక్కులై ఉబ్బుతుంది,
తన దారాలు తానే తుంచుకుని
చిన్నచిన్న మూటలు కట్టుకుంటుంది
పక్కింటికి బరువు కాకుండా.
ఆ మూటల్ని పక్కింటివాళ్లు తినేస్తారు.
మర్నాటికి చోటు కూడా కనబడదు.

అంచు గుంటల్ని నమ్మొద్దంటుంది విర్వే.
అక్కడ నీరు ఇగిరిపోయి చస్తాయి.
అది ఆజ్ఞ కాదు, దాహం.
ఇరవై రెండేళ్లుగా ఆమె చేస్తున్నది
ఆ రెంటినీ విడదీయడమే.

భోజనాల వేళ అల్లుతుంది.
కూతురికి ఏడో నెల.
ఊలు తొడుగులో బొటనవేలికి ఒక గది,
మిగతా నాలుగింటికీ కలిపి ఒకటి.
"కడుపులో చెయ్యి మొదట ఇలాగే, తెడ్డులా.
మధ్యలో ఉన్నవాళ్లు పోతేనే వేళ్లు,"
సూది ఆపకుండానే అంది.

నా చెయ్యి చాపి చూసుకున్నాను.
వేళ్ల మధ్య ఈ సందులు
ఒకప్పుడు ఎవరెవరి ఇళ్లో.

పదిహేడో పలక, డి వరస, ఏడో గుంట.
విర్వే ఆగింది.
చాలాసేపు ఏమీ అనలేదు.
"పోలేదు."

నేనూ కన్ను ఆనించాను.
మందు పడ్డ సంగతే తెలియనట్టు
ఒకదాన్నొకటి ఆనుకుని
గుంట నిండా ఆకుపచ్చగా వెలుగుతున్నాయి.
అంటే మేం నోరు నొక్కిన ఆ అంకె
వాటిని పొమ్మని చెప్పవలసింది.
చెప్పేవాళ్లు లేక
ఉండిపోయాయి.

గంతులేం వేయలేదు.
కిందటి నెల ఎఫ్-నాలుగు కూడా ఇలాగే మురిపించింది,
తీరా చూస్తే పిపెట్‌లో గాలిబుడగ.
చిట్టాలో రాశాను:
డి-ఏడు. ఉన్నాయి. మళ్లీ చూడాలి, మూడుసార్లు.

ఆపుకోలేక,
ఆలూ చూలూ లేకుండానే అడిగాను
ఏం పేరు పెడదామని.

"ముందు పుట్టనీ,"
దీపం వేసి కళ్లు నులుముకుంటూ అంది,
జన్యువు సంగతో
బిడ్డ సంగతో.