మా పెరట్లో ఊడుగ

కొర్లగుంటలో మా యింటి యెనక
గుడ్డలుతికే బండకీ ప్రహరీగోడకీ నడాన
ఆరడుగుల జాగా.
ఏడాదంతా పూసేది ఏదన్నా పెట్టుకోబ్బా అన్నారు అందరూ.
నందివర్ధనం అన్నాడు పక్కింటి దొరసామి,
కాగితంపూలు అనింది మేడమీది టీచరమ్మ.
నేను కరకంబాడి రోడ్డులో, లైను కింద,
నా కత్తితోనే నరికిన ఊడుగ మోడు పక్కన
జానెడు పిలక కనపడితే
తడిగోనెలో చుట్టి స్కూటరు ముందర పెట్టుకొని తెచ్చినా.

దేశమ్మ చూసి
"ముండ్లకంపను ఇంటికి తెస్తారా ఎవురన్నా?" అనింది.
అనిందే గాని
బియ్యం కడిగిన నీళ్ళు దానికే పోసింది.

ముప్పై ఒగ సంవత్సరం నేను లైన్‌మాన్‌ని.
తీగను ముట్టే కొమ్మ ఏదైనా నాకు ఒగటే,
వేప, కానుగ, ఎవురో మొక్కుకొని పెంచుకున్న సంపెంగ.
పేరు అడిగి కత్తి ఎత్తింది లేదు.

మూడేళ్ళు అది ఊరికే నిలబడింది.
నాలుగో ఏడు పుష్యంలో
ఉన్న ఆకంతా దులిపేసుకుంది.
దొరసామి గోడమీంచి తొంగిచూసి
"పోయిందబ్బా" అన్నాడు,
సావుకబురు చెప్పే గొంతుతో.
నేను గోటితో బెరడు గీకి చూసినా,
టెస్టరు పెట్టి కరెంటు చూసినట్టు.
లోపల పచ్చన.

శివరాత్రి దాటినాక ఒగ తెల్లారుజామున
లైటు వెయ్యకనే తలుపు తీస్తే
పెరడంతా వాసన.
ఆకు ఒగటి గూడా లేని కొమ్మల నిండా
తెల్లటి పూలు, రేకులు వెనక్కి దువ్వుకొని.
తేనెటీగలు నాకంటే ముందే డ్యూటీకి దిగినాయి.
దేశమ్మ ఒగటి తుంచి జడలో పెట్టబోతే
కాడ పొట్టిది, నిలవలేదు.
చెవి మీద దోపుకొని పాలకు పోయింది.

ఎండలు నలభైమూడుకు ఎక్కేసరికి
అంత ఆకు యాణ్ణించి తెచ్చుకుందో!
బండ మీద నీడ పడి
పొద్దున ఉతుకులు మధ్యాన్నానికి మారినాయి.
గంగజాతర నాటికి కాయలు ఎర్రబారి, నల్లబడి,
పిగిలిపిట్టలకూ వీధి పిల్లోళ్ళకూ తగువు.
తెల్లటి జిగురు గుజ్జు.
తీపో వగరో తేల్చుకునే లోపల
నోట్లో గింజే మిగులుతాది.

రాలిన ఊడుగ గింజ
రాత్రికి ఎగిరి మళ్ళీ చెట్టుకే అతుక్కుంటాదని
మా అవ్వ చెప్పేది.
ఒగ అమాసనాడు మూడు గింజలకు
దేశమ్మ గోళ్ళరంగు పూసి మొదట్లో పెట్టినా.
తెల్లారి చూస్తే ఒగదాన్ని చీమలు లాక్కపోతా ఉండాయి,
రెండు పెట్టినచోటే.
"నువ్వు కాపలా ఉంటే సిగ్గుపడినాయేమో"
అనింది దేశమ్మ, నవ్వకుండా.

నేను రిటైరైన యేడు కార్తీకంలో తుపాను.
రాత్రంతా గాలి.
మా ఊడుగ కొమ్మ మా సర్వీసు తీగ మీదే వాలి
నిప్పురవ్వలు కొట్టింది.
పొద్దున్నే వచ్చినాడు కొత్త పిల్లోడు లోకనాథం,
నా నిచ్చెనే, నా బీటే.
"పెద్దాయనా, యాడికి కొయ్యమంటారు?"
ఆ మాట నన్ను ఇంతకుముందు ఎవురూ అడగలేదు,
నేనూ ఎవుర్నీ అడగలేదు.
రంపం వాడి చేతిలోంచి తీసుకున్నా.
"దీన్ని ఊడుగ అంటారు నాయనా" అని
మోకాలెత్తున కోసినా.
కట్టె గట్టిది. రెండుసార్లు కూర్చొని లేసినా.
దేశమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు.
సాయంత్రం మోడు కింద మన్ను
తెల్లగా తడిసి ఉండాది.

ఈ యేడు పూలు లేవు.
శివరాత్రి వాసన లేకుండానే పోయింది.
దొరసామి గోడమీంచి చూసి
ఏమీ అనకుండా దిగినాడు.
కోసినచోట చుట్టూ పిలకలు,
నూగు నూగుగా, పసిబిడ్డ చెవుల మాదిరి.
రాత్రి కరెంటు పోతే
చెప్పులు లేకుండా పోయి తడిమి లెక్కపెడతా.
పదకొండు.
నిన్న పదే.